రాణిగారికి అమ్మ జవాబు

వర్తింగ్,
12 జనవరి 1987

అక్కా,

ఇక్కడ కూడా మంచు పడింది. సముద్రం ఒడ్డున ఇంత మంచు మీ మరదలు మార్జరీ తన జన్మలో చూడలేదట, కిటికీ దగ్గర నుంచి కదలడం లేదు. డర్హం గాలికి పుట్టి పెరిగిన నన్ను చూసి నవ్వుతోంది, రెండు స్వెట్టర్లు వేసుకున్నానని. అమ్మ దగ్గు ఎలా ఉంది? నువ్వు పోయినసారి రాసిన ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు దాని గురించి. మీ అబ్బాయి ఆలన్ తోటలో ఏం పండించాడో మాత్రం రెండు పేజీలు రాశావు.

అసలు సంగతికి వస్తాను. మార్చి పంతొమ్మిదికి అమ్మకి నూరేళ్ళు నిండుతాయి. రాణిగారి దగ్గర నుంచి శుభాకాంక్షల టెలిగ్రాం దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు ముందుగా రాజభవనానికి రాసుకోవాలి, పుట్టిన తేదీకి రుజువు పంపాలి. ముప్పై ఏళ్ళు టౌన్ హాల్లో పనిచేసినవాణ్ణి, ఈ మాత్రం తెలుసు నాకు. రాసేశాను. మీ ఇంటి అడ్రసే ఇచ్చాను. పంపే ముందు, మనిషి ఉందా, సుఖంగా ఉందా అని వాళ్ళు నీకు ఒక ఉత్తరం రాసి కనుక్కుంటారు. అవునని రాసిపడెయ్.

అమ్మకి మాత్రం చెప్పకు. ఆశ్చర్యపోవాలి. ఆ రోజుకి పేపర్ ఫొటోగ్రాఫర్ని కూడా మాట్లాడతాను.

ఇంకో మాట. టెలిగ్రాం వచ్చాక కృతజ్ఞతలు చెబుతూ జవాబు రాయడం మర్యాద. అమ్మకి కళ్ళు కనబడవు, నీకేమో అలాంటి భాష రాదు, అందుకని నేనే రాసి ఇందులో పెట్టాను. "మీరు దయతో పంపిన సందేశానికి ఈ వినమ్రురాలు సదా కృతజ్ఞురాలు" అని మొదలవుతుంది. కింద అమ్మ సంతకం పెడితే చాలు. సొరుగులో జాగ్రత్తగా దాచు, మీగడ జగ్గు కింద పెట్టకు.

మార్జరీ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ తమ్ముడు
విల్ఫ్

*

థార్న్‌లా,
19 జనవరి 1987

ఒరేయ్ విల్ఫ్,

ఎవర్ని అడిగి రాశావురా?

ఉత్తరం చదివి పొయ్యిలో పడేద్దామనుకున్నాను, మళ్ళీ తిట్టడానికి సాక్ష్యం ఉండాలని ఆగాను. అమ్మతో ఉంటున్నది నేను. పొద్దున్నే ఆవిడకి మేజోళ్ళు తొడిగేది నేను, కళ్ళలో మందు వేసేది నేను. నువ్వేమో వర్తింగులో కూర్చుని రాజభవనానికి ఉత్తరాలు రాస్తున్నావు, మా ఇల్లు మీ టౌన్ హాల్లో ఒక గది అయినట్టు.

చిన్నప్పుడు ఈ ఇంట్లో నువ్వు పెరగలేదా? క్రిస్మస్ రోజు మూడింటికి రేడియోలో రాజుగారు మాట్లాడతారనగానే అమ్మ ఏం చేసేది? చేతులు తుడుచుకుని వెనక గదిలోకి పోయి బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చునేది. భోజనం అయిపోయాక దుంపలు ఎవరికి? నాన్న చుట్ట వెలిగించుకునేవాడు. గనుల సమ్మె ఏడాది టోపీ మీద కిరీటం బిళ్ళ పెట్టుకున్న పోలీసులు మా ఆలన్‌ని వ్యానులోకి ఎత్తి పడేసిన రోజున, తొంభై ఏడేళ్ళ మనిషి వాకిట్లోకి వచ్చి ఉమ్మేసింది. నీకెలా తెలుస్తుంది? ఆ ఏడాది నువ్వు మాకు పంపింది ఒక పళ్ళ కేకు.

ఆవిడకి కిరీటం అంటే గిట్టదు. నూరేళ్ళ పండగ రోజున ఆవిడ ఒళ్ళో అదే తెచ్చి పెడతావా? అదీ పేపరువాడి ముందు?

నాకు రాని భాషలో నువ్వు రాసిన కాగితం సొరుగులోనే ఉంది. మీగడ జగ్గు దాని మీదే పెట్టాను.

దగ్గు తగ్గింది.

ఎల్సీ

*

వర్తింగ్,
27 జనవరి 1987

అక్కా,

నీ ఉత్తరం మార్జరీకి చూపించలేదు. చూపించి ఉంటే ఇక ఆ ఊరు రాననేది.

ఒక్కటి అడుగుతాను. అమ్మని అడిగావా? గిట్టదు, ఉమ్మేసింది, దుంపలు చెక్కింది, ఇదంతా నీ లెక్క. అమ్మ నోటితో అన్నదా "నాకు రాణిగారి మాట వద్దు" అని? నేను ఫోన్ చేస్తే ఒక్కసారి కూడా అమ్మకి ఇవ్వవు. చెవులు వినబడవంటావు. అమ్మకేం కావాలో, ఏం అక్కర్లేదో అన్నీ నీ నోటితోనే వినాలి మేము.

ఆవిడకి ఏం దక్కింది చెప్పు ఈ జన్మలో? మొదటి మొగుణ్ణి గని మింగేసింది. రెండోసారి మన నాన్నని కట్టుకుంటే ఆయన ఊపిరితిత్తులు బొగ్గు తినేసింది. మనిద్దర్నీ, ఆ ఇంటినీ కడిగి కడిగి చేతులు అరిగిపోయాయి. దేశంలో అందరికంటే పెద్ద మనిషి దగ్గర నుంచి ఆవిడ పేరు రాసి ఉన్న కాగితం ఒక్కటి రావాలని కోరుకుంటే నేను పాపాత్ముణ్ణా? ఆ వీధిలో అందరూ చూడాలి, అంతే. నాకూ చూడాలని ఉంది.

నేను ఊరు వదిలి వెళ్ళినందుకు నలభై ఏళ్ళుగా సాధిస్తూనే ఉన్నావు. సాధించు. కానీ అమ్మ పండగ మీద మాత్రం నీ కోపం తీర్చుకోకు.

విల్ఫ్

*

థార్న్‌లా,
8 ఫిబ్రవరి 1987

విల్ఫ్,

నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. నా మాట నువ్వు ఎప్పుడు విన్నావు గనక.

పండగ చాపెల్ చర్చి పక్కన హాల్లో పెడుతున్నాం. హాము, బఠాణీ ముద్ద, నేను చేసే రొట్టె. బ్యాండువాళ్ళు వచ్చి రెండు పాటలు వాయిస్తారు. గని మూసేశాక వాళ్ళలో సగంమందికి పని లేదు, అయినా ఊదడం మానలేదు. మార్జరీకి మా రొట్టె గట్టిగా ఉంటుందన్నావు కదా పోయినసారి. సొంత పళ్ళు తెచ్చుకోమను.

ఎల్సీ

*

వర్తింగ్,
22 మార్చి 1987

అక్కా,

నిన్న రాత్రికి ఇల్లు చేరాం.

ఆ రోజు అమ్మ మొహం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. తెల్లారకముందే లేచి, ఆ నీలం టోపీ పెట్టుకుని, ముందు గదిలో తలుపు వైపు తిరిగి కూర్చుంది. నేను ఒక్కమాట చెప్పలేదు, నువ్వూ చెప్పలేదంటున్నావు, అయినా ఆవిడకి తెలుసు. నూరేళ్ళు నిండితే టెలిగ్రాం వస్తుందని తెలియనిది ఎవరికి? "పోస్టు వచ్చిందా?" అంది. వచ్చిందమ్మా, కార్డులు వచ్చాయి అన్నాను. "అన్నీ చదువు" అంది. చదివాను. "ఇంకేం లేవా?" అంది. పేపరువాడు కెమెరా పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక నీ రొట్టె తింటూ నిలబడ్డాడు. నాకు తలకొట్టేసినట్టయింది.

పోస్ట్‌మన్ నార్మన్‌ని అందరి ముందూ అడిగానని నువ్వు నా మీద గయ్యిమన్నావు. అడగనా మరి? అసలైన టెలిగ్రాములు పోయి అయిదేళ్ళయింది, ఇప్పుడు అదీ గ్యాసు బిల్లుతో పాటు పోస్ట్‌మన్ సంచీలోనే వస్తుంది. సంచీ అతనిది. రాత్రిళ్ళు క్లబ్బులో తాగుతాడని నువ్వే అన్నావు ఒకప్పుడు. రాజభవనం వాళ్ళు ఇలాంటివి మరిచిపోరు. పారేసి ఉంటాడు, లేదా పక్కవీధిలో వేసి ఉంటాడు. అక్కణ్ణుంచి బయల్దేరే ముందే పోస్టాఫీసు పెద్దలకి ఫిర్యాదు రాసిచ్చాను, అతని పేరు పెట్టి. విచారణ చేస్తామన్నారు.

నూరేళ్ళ మనిషి సాయంత్రం దాకా టోపీ తియ్యలేదు. నువ్వేమో బల్లలు తుడుస్తూ తిరిగావు, ఏమీ జరగనట్టు. నీకు లోపల సంతోషంగానే ఉండి ఉంటుంది.

విల్ఫ్

*

థార్న్‌లా,
26 మార్చి 1987

విల్ఫ్,

నార్మన్‌ని వదిలెయ్. ఇవాళే ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. ఆపింది నేను.

ఫిబ్రవరిలో నువ్వు చెప్పినట్టే రాజభవనం నుంచి ఉత్తరం వచ్చింది, మీ అమ్మగారు బాగున్నారా, సందేశం పంపమంటారా అని. చాలా మర్యాదగా రాశారు. బాగుంది, వద్దు అని నేను రాశాను. అమ్మకి ఇష్టం ఉండదని రాశాను. వాళ్ళు పంపలేదు. ఇందులో నార్మన్ తప్పేం లేదు, అతను తాగితే శనివారం తాగుతాడు, అదీ తన డబ్బుతో. నిన్న ఇన్‌స్పెక్టరు వచ్చి అతన్ని గంటసేపు అడిగాడట. ఇవాళ పొద్దున మా ఇంటికి పోస్టు ఇచ్చి నా మొహం చూడకుండా పోయాడు. ఇరవై ఆరేళ్ళుగా మా వాకిట్లో నిలబడి ముచ్చట్లు చెప్పే మనిషి.

నేను చేసింది తప్పని నీకు చెప్పడానికి రాయడం లేదు. అమ్మ కోసమే చేశాను. నువ్వు అడగకుండా తెప్పించబోయావు, నేను అడగకుండా ఆపాను. ఆ టోపీ ఫొటో కోసం పెట్టుకుందనుకున్నాను. సాయంత్రం దాకా అదే అనుకున్నాను, దేవుడి తోడు.

నువ్వు ఏం తిడతావో తెలుసు. తిట్టు. ముందు ఆ ఫిర్యాదు సంగతి చూడు.

ఎల్సీ

*

వర్తింగ్,
29 మార్చి 1987

ఎల్సీ,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. నార్మన్‌కి విడిగా క్షమాపణ రాశాను. నా జీవితంలో ఒక పోస్ట్‌మన్‌కి అలాంటి ఉత్తరం రాయాల్సి వస్తుందనుకోలేదు, అదీ నీ మూలంగా.

నువ్వు ఎంత మొండిదానివో తెలుసు, కానీ ఇంత పని చేస్తావనుకోలేదు. ఆ గదిలో నా పక్కనే నిలబడ్డావు. అమ్మ "ఇంకేం లేవా?" అని అడుగుతుంటే విన్నావు. నేను నార్మన్‌ని నిలదీస్తుంటే చూశావు. నోరు విప్పలేదు. ఎవరిచ్చారు నీకు ఆ అధికారం? ఆవిడ మేజోళ్ళు తొడిగితే ఆవిడ నోరు కూడా నీదైపోతుందా?

వెంటనే అమ్మకి చెప్పు, నువ్వే ఆపావని. నువ్వు చెప్పకపోతే వచ్చేవారం రైలెక్కి వచ్చి నేను చెబుతాను. ఆ తర్వాత మనిద్దరి మధ్య ఉత్తరాలు ఉండవు.

విల్ఫ్రెడ్ టులిప్

*

థార్న్‌లా,
5 ఏప్రిల్ 1987

విల్ఫ్,

రైలెక్కకు. చెప్పాను.

మంగళవారం టీ తాగాక చెప్పాను. అమ్మ కప్పు కింద పెట్టింది. నేను, నీకు కిరీటం వాళ్ళంటే పడదు కదమ్మా, అందుకని, అన్నాను. అప్పుడు నాతో మాట్లాడిన మాటలు నా డెబ్బై రెండేళ్ళలో ఎప్పుడూ వినలేదు. ఆవిడ అన్నవి అన్నట్టే రాస్తున్నాను, నువ్వూ తిను సగం.

"పడదని నీకెవరు చెప్పారే? వాళ్ళు మాట్లాడినప్పుడు లేచిపోయానంటే పడక కాదు. కూర్చుని వింటే నాకు వాళ్ళకి చెప్పాల్సిన మాట నోటిదాకా వస్తుంది. మీ నాన్న ఉద్యోగం కంపెనీది, ఈ ఇల్లు కంపెనీది. ఆ మాట బయటికి వస్తే మిమ్మల్ని వెంటబెట్టుకుని రోడ్డున నిలబడేదాన్ని. అందుకని దుంపలు చెక్కాను."

తర్వాత చెప్పింది. అమ్మ మొదటి మొగుడు మ్యాట్ హెస్లప్ గని పేలి పోయాడని మనకి తెలుసు కదా. పోలేదట. అంటే, పేలినప్పుడు పోలేదు. 1911లో పేలిన మర్నాడు కూడా లోపల నుంచి నీళ్ళ పైపు మీద ఎవరో కొడుతున్న చప్పుడు, వెతకడానికి దిగిన మనుషులు విన్నారట. మూడు దెబ్బలు, ఆగడం, మళ్ళీ మూడు దెబ్బలు. మేనేజరు అది గని కప్పుకి ఆనించిన కర్రలు సర్దుకునే చప్పుడన్నాడు. లోపల నిప్పు ఉంది, ఆపకపోతే గని మొత్తం పోతుందని, గాలి అందకుండా దారికి అడ్డంగా ఇటుక గోడ కట్టించేశాడు. గోడ కట్టినవాళ్ళలో ఒకడు అమ్మ అన్నయ్యే. అతనే వచ్చి అమ్మకి చెప్పాడట.

ఆ తర్వాత రాజుగారి దగ్గర నుంచి విధవలందరికీ సానుభూతి టెలిగ్రాం వచ్చింది. మేనేజరు చాపెల్ మెట్ల మీద నిలబడి చదివాడు. మర్నాడు జవాబు కాగితం తెచ్చాడు, తనే రాసుకొచ్చాడు, సంతకాలు పెట్టమని. అమ్మకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. "నేనూ ఒక ముక్క రాస్తాను, చప్పుడు వినబడిందని" అందట. "కాగితంలో చోటు లేదమ్మాయ్" అన్నాడట మేనేజరు. సంతకం పెట్టింది.

"రాజుగారింటికి నా పేరు మీద ఒక అబద్ధం వెళ్ళింది. డెబ్బై ఆరేళ్ళు ఆగాను. నూరేళ్ళు నిండితే నా ఒక్కదాని పేరు మీద వాళ్ళే నాకు రాస్తారు, అప్పుడు నేను జవాబు రాయొచ్చు అనుకున్నాను. చావకుండా కూర్చుంది ఎందుకనుకున్నావు, నీ రొట్టె కోసమా?" అంది.

ఊరికే పిచ్చిదాన్లా లేచి, నేనొక్కదాన్నే ఎందుకు పడాలని, సొరుగులోంచి నువ్వు రాసిన ఆ జవాబు తీసి చదివాను. "ఈ వినమ్రురాలు సదా కృతజ్ఞురాలు" దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపమంది.

"అవే మాటలు. వినమ్రులమైన విధవలం అని రాశాడు వాడు" అంది. తర్వాత, "ఒకతి రానివ్వలేదు, ఒకడు జవాబు రాసిపెట్టాడు. మీ ఇద్దర్నీ కలిపితే సరిగ్గా ఆ మేనేజరే" అంది.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. మేజోళ్ళు తనే తొడుక్కుంటోంది, అరగంట పడుతోంది, నన్ను ముట్టుకోనివ్వడం లేదు. తలుపు అవతల నిలబడి వింటున్నాను, అంతే.

నిన్న రాజభవనానికి రాశాను, పొరపాటు నాది, మా అమ్మగారికి కావాలి, దయచేసి పంపండి అని. పంపుతారో పంపరో. తర్వాత పంపేది నూటయిదేళ్ళు నిండాకే అట. అమ్మకి దగ్గు మళ్ళీ మొదలైంది.

ఎల్సీ

*

వర్తింగ్,
10 ఏప్రిల్ 1987

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మార్జరీకి కూడా చదివి వినిపించాను. పూర్తయ్యాక తను, "నువ్వు ఎప్పుడూ నా తరఫున కూడా అలాగే రాస్తావు" అని లేచిపోయింది.

నీ మీద కోపం పోలేదు. నా మీద కూడా ఉంది ఇప్పుడు, రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఆ మేనేజరు బతికి ఉంటే ఈ వయసులో కూడా వెళ్ళి కొట్టేవాణ్ణి. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని ఆవిడ మనకి ముద్దలు కలిపి పెట్టింది. ఒక్కసారి అడగలేదు మనం. మ్యాట్ అనే మనిషి ఎలా ఉండేవాడమ్మా అని కూడా అడగలేదు.

ఫోన్ చేశాను. నువ్వు ఎత్తావు. "అమ్మ రానంటోంది" అన్నావు. ఈసారి నీ మాట నమ్మాను.

సందేశం వస్తే ఒక్క ముక్క రాయి. రాజభవనానికి జవాబు క్లుప్తంగా ఉంటేనే చదువుతారని మాత్రం అమ్మకి చెప్పు. లేదు, చెప్పకు. ఏమీ చెప్పకు.

విల్ఫ్

*

థార్న్‌లా,
2 మే 1987

తమ్ముడూ,

వచ్చింది. మొన్న గురువారం. నార్మన్ మిగతా పోస్టులో కలపకుండా విడిగా చేత్తో పట్టుకుని తెచ్చాడు. తలుపు నేను తీస్తే నాకివ్వలేదు. "మీ అమ్మ బెల్లా టులిప్ పేరు మీద ఉంది, ఆవిడ చేతికే ఇవ్వాలి" అన్నాడు. ఆ మాట నాకు తగలాలనే అన్నాడు, తగిలింది. బూట్లు విప్పి లోపలికొచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాడు.

అమ్మ కాసేపు దాన్ని వేళ్ళతో తడిమింది. "నా పేరుందా?" అంది. ఉందన్నాను. "నా ఒక్కదానిదేనా?" అంది. నీ ఒక్కదానిదే అన్నాను. ఒకసారి చదివించుకుంది. బాగానే రాశారు అంది. ఫ్రేము కట్టిద్దామా అంటే, వద్దు, కాగితం కలం తీసుకో అంది. మార్చి నుంచి నాకు చెప్పిన మొదటి పని అది.

మంచి కాగితం మీద రాసే ముందు ఒక చిత్తుకాపీ రాసుకుందామన్నాను. ఇంట్లో వేరే కాగితం లేదు. సొరుగులో నువ్వు పంపినదే ఉంది. దాని వెనకవైపు ఖాళీ. చెప్పింది చెప్పినట్టే రాయాలి, ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క తియ్యకూడదు అంది. మధ్యలో నాకు ఏడుపొచ్చి ఆగితే, "నీ ఏడుపు తర్వాత, కలం ఆపకు" అని కసిరింది. అసలు కాగితం మీద సంతకం తనే పెట్టింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. అక్షరాలు లావుగా, ఒంకరగా అంచు దాకా వచ్చాయి. నార్మన్ పోస్టులో వేశాడు. తర్వాత టీ పెట్టమంది, మేజోళ్ళు జారిపోయాయి చూడమంది.

ఆ చిత్తుకాపీ నీకు పంపమంది అమ్మే. ఇందులో పెట్టాను. ఒకవైపు నీ చేతిరాతే, అది నీకు తెలిసిందే. కాగితం తిప్పి చదువు. చదివాక అమ్మకి ఫోన్ చెయ్యి, ఈసారి ఇస్తాను. మ్యాట్ సంగతి అడుగు. చెబుతానంటోంది.

నీ అక్క
ఎల్సీ

*

రాణిగారికి,

మీ శుభాకాంక్షలు అందాయి. థాంక్స్. నాకు కళ్ళు కనబడవు, మిగతాదంతా బాగానే ఉంది.

1911లో మా గని పేలినప్పుడు మీ పెద్దలు మాకు ఒక టెలిగ్రాం పంపారు. దానికి మా పేర్ల మీద మీ ఇంటికి ఒక జవాబు వచ్చింది. అది మేం రాసింది కాదు, గని మేనేజరు రాసింది. నేను దాని మీద సంతకం పెట్టాను. ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. నా జవాబు ఇది.

గోడ కట్టినప్పుడు లోపల మనుషులు బతికే ఉన్నారు. పైపు మీద కొడుతున్నారు. మా వాళ్ళు విన్నారు, మేనేజరుకి చెప్పారు, ఆయనా విన్నాడు. లోపల ఉన్నవాళ్ళలో మా ఆయన ఒకడు. పేరు మ్యాట్ హెస్లప్. ఇరవై ఆరేళ్ళు. బాగా పాడేవాడు.

ఈ సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ తప్పని రాయడం లేదు. మీకు చెప్పలేదని రాస్తున్నాను.

దీనికి జవాబు అక్కర్లేదు.

ఇసబెల్లా టులిప్
అప్పుడు ఇసబెల్లా హెస్లప్